కుటుంబ వైద్యుల నిరంతర విద్య: అవసరము ఎవరికి తెలుసు?

(మన అధ్యక్ష మండల శతాబ్ది ఉత్సవములలో భాగముగా జరిగిన వైద్యసేవా సభలో చేసిన ప్రసంగ పాఠము)



డాక్టర్ల చదువును గూర్చి ఒక పాస్టరు మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. మాకూ అనిపించింది. మేము వేదాంత కళాశాలలో చదివినవారమేగాని వైద్య కళాశాల గడప తొక్కినవారము కాము. అయితే మూడు సంవత్సరములుగా వైద్యసేవా కమిటీలో సభ్యులుగా ఉన్నాము. మన ప్రాంతపు కుటుంబ వైద్యులకు ఏటేటా జరిపే శిక్షణ తరగతులలో ఏ అంశములు ఉండాలో నిర్ణయించేది ఆ కమిటీయే. ఆ పనిలో మేము చూచినది, చదివి తెలుసుకొన్నది, మా స్వంత అజాగ్రత్త వలన నేర్చుకొన్నది మీ ముందుంచాలని ఈ అవకాశము తీసుకొన్నాము.

కుటుంబ వైద్యుడంటే ఎవరో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. బిడ్డకు జ్వరము వచ్చినా, కోడలికి నెల తప్పినా, తాతగారికి ఆయాసము వచ్చినా మొదట మనము తలుపు తట్టేది ఆయననే. పట్టణములోని పెద్ద డాక్టరుకు ఒక అవయవమును గూర్చి లోతుగా తెలిసి ఉంటుంది. కుటుంబ వైద్యునికి మన ఇల్లంతా తెలిసి ఉంటుంది. అటువంటి మనిషి పట్టా పుచ్చుకొన్న తరువాత ముప్పై నలభై సంవత్సరములు వైద్యము చేస్తాడు. ఆ కాలములో మందులు మారుతాయి, జబ్బులు మారుతాయి, ఊరి తిండి తీరు కూడ మారుతుంది. కావున ఆయన చదువు పట్టాతో ముగియకూడదు. ఈ మాటను ఎవరూ కాదనరు. చిక్కు ఆ తరువాత వస్తుంది. ఆయన ఏమి చదవాలి? అది ఎవరు చెప్పాలి?

మమ్మును ఈ ప్రశ్న దగ్గరకు తీసుకొని వచ్చినది ఒక పెద్దాయన పాదము.

ఆయన మా సంఘములో అందరికీ తెలిసినవారు. పన్నెండు సంవత్సరములుగా షుగర్ వ్యాధి ఉన్నది. ప్రతి నెల తప్పకుండ తన కుటుంబ వైద్యుని దగ్గరకు వెళ్ళేవారు. మన వాడుక ప్రకారము చెప్పులు బయట విడిచి, లోపలికి వెళ్ళి బల్లకు ఇవతల కూర్చొనేవారు. డాక్టరుగారు బల్లకు అవతల కూర్చొని రక్త పరీక్ష కాగితము చూచి, బీ.పీ. చూచి, మందు వ్రాసి ఇచ్చేవారు. పాదములు బల్ల క్రిందనే ఉండిపోయేవి. కుడి పాదము అడుగున ఆనె కట్టి, దాని క్రింద పుండు పడింది. నొప్పి లేదు. నొప్పి లేదు గనుక పెద్దాయన చెప్పలేదు. చెప్పలేదు గనుక డాక్టరుగారు చూడలేదు. ఆ కాలులో స్పర్శ పోయి ఎంతకాలమైనదో ఎవరికీ తెలియదు. చీము పట్టి వాసన వచ్చిన తరువాత జిల్లా కేంద్రమునకు తీసుకొని వెళ్ళారు. మోకాలి క్రింద వరకు కాలు తీసివేశారు.

ఇందులో మా భాగము కూడ చెప్పకపోతే మాట నిజము కాదు. ఆ నెలలో మేము రెండు సార్లు వారి ఇంటికి ప్రార్థనకు వెళ్ళాము. పెద్దాయన మంచము మీద కాళ్ళు చాపుకొని, పాదముల మీద తువాలు కప్పుకొని ఉన్నారు. గదిలో ఏదో వాసన ఉన్నదని మాకు అనిపించింది. ముసలివారి గది కదా అని ఊరుకొన్నాము. తువాలు తీసి చూడలేదు, ఇంటివారిని అడగలేదు.

ఆపరేషను తరువాత వారి కుమారుడు కోపముతో మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఆ డాక్టరు మీద ఫిర్యాదు చేస్తాను, మీరు అడ్డము రావద్దు" అన్నాడు. అడ్డము రామని చెప్పాము. అది అతని హక్కు. అయితే ఆ సాయంత్రము డాక్టరుగారు తానే మా ఇంటికి వచ్చారు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఇట్లన్నారు: "అయ్యగారూ, ఆ ఏడాది షుగర్ వ్యాధి మీద జరిగిన మీటింగులకు మూడింటికి వెళ్ళాను. సర్టిఫికెట్లు ఉన్నాయి. నీకు ఏమి నేర్చుకోవాలని ఉందని ఎవరైనా అడిగి ఉంటే, షుగర్ గురించి నాకు తెలుసు, వేరే ఏదైనా చెప్పండి అనేవాణ్ణి."

ఈ మాట మమ్మును చాలా కాలము వెంటాడింది. ఆయన అబద్ధము చెప్పలేదు. ఆయనకు నిజముగానే తెలుసు. పాదమును ఎట్లు పరీక్షించాలని పరీక్షలో అడిగితే పూర్తి మార్కులు తెచ్చుకొనేవారు. 10 గ్రాముల ఒత్తిడినిచ్చే నైలాను పోగుతో పాదము అడుగున అక్కడక్కడ తాకించి స్పర్శ ఉన్నదా లేదా అని చూడడము రెండు మూడు నిమిషముల పని. షుగర్ ఉన్నవారికి సంవత్సరమునకు ఒక్కసారియైనా ఆ పరీక్ష చేయాలి. పైగా ఇది మన దేశమునకు క్రొత్త విద్య కాదు. నొప్పి తెలియని పాదమునకు నొప్పి తెలియకపోవడమే పెద్ద ప్రమాదమని వేలూరులో కుష్ఠురోగుల మధ్య పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు గ్రహించారు. ఆయన 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళిన తరువాత అదే జ్ఞానము షుగర్ రోగుల పాదములను కాపాడడానికి కూడ ఉపయోగపడింది. మన దగ్గర కుష్ఠు వైద్యము చేసినవారికి పాదము చూడడము మొదటి పని. మరి షుగర్ వ్యాధి దగ్గరకు వచ్చేసరికి ఆ పాదము బల్ల క్రిందికి ఎట్లు పోయింది?

ఇప్పుడు మన తరగతులు ఎట్లు తయారవుతాయో చూద్దాము. కమిటీ ఒక కాగితము మీద ఇరవై అంశములు వ్రాసి డాక్టర్లకు పంపుతుంది. వారు తమకు ఇష్టమైన వాటికి ఎదురుగా గుర్తు పెడతారు. ఎక్కువ గుర్తులు వచ్చిన వాటికి పట్టణము నుండి ఒక నిపుణుని పిలుస్తాము. కొన్నిసార్లు మందుల కంపెనీవారు భోజనము ఏర్పాటు చేస్తారు, అప్పుడు వారి మందును గూర్చిన ప్రసంగము ఒకటి చేరుతుంది. సాయంత్రమునకు సర్టిఫికెట్టు చేతికి వస్తుంది. వైద్యుడు అయిదు సంవత్సరములలో కనీసము 30 గంటలు ఇటువంటి విద్యలో పాల్గొనవలెనని 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమములలో వ్రాయబడి ఉన్నది. అది మంచి నియమమే. కాని గడియారము గంటలను లెక్కపెడుతుంది. ఆ గంటలలో నేర్చినది ఎవరి కాలును కాపాడిందో గడియారమునకు తెలియదు.

ఇట్లు అడిగి అంశములు ఎన్నుకోవడమే అవసరమును గుర్తించడమని మేమూ అనుకొన్నాము. అక్కడే పొరపాటు. ఇష్టము వేరు, అవసరము వేరు.

జొనాథన్ బ్రాడ్‌షా అనే బ్రిటిషు పండితుడు 1972లో సాంఘిక సేవలను గూర్చి వ్రాస్తూ అవసరమును నాలుగు విధములుగా విభజించాడు. మనకు అర్థమయ్యే మాటలలో చెప్పుకొందాము. మొదటిది, నిపుణులు ఇంత ఉండాలని నిర్ణయించిన కొలతను బట్టి తెలిసే అవసరము. రెండవది, మనిషి తనలో తాను అనుకొనే అవసరము. మూడవది, నోరు తెరిచి అడిగే అవసరము. నాలుగవది, ప్రక్కవారితో పోల్చి చూస్తే బయటపడే అవసరము. మన కాగితము పట్టుకొనేది రెండవ దానిని, మూడవ దానిని మాత్రమే. మొదటిదీ నాలుగవదీ దానికి చిక్కవు. పెద్దాయన పాదము ఆ చిక్కని వాటిలోనే ఉండిపోయింది. సంవత్సరమునకొకసారి పాదము చూడాలన్నది నిపుణుల కొలత. ప్రక్క ఊరి డాక్టరు చూస్తున్నాడా అన్నది పోలిక. ఈ రెంటినీ మనము అడగలేదు.

డాక్టరు తన లోటును తానే తెలుసుకోలేడా అని మీరు అడగవచ్చును. తెలుసుకోగలిగినది కొంత ఉన్నది, తెలుసుకోలేనిది చాలా ఉన్నది. డేవిస్, ఆయన తోడివారు డాక్టర్ల స్వయం అంచనాను గూర్చి వచ్చిన పరిశోధనలను ప్రోగుచేసి 2006లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో ప్రకటించారు. డాక్టరు తనను గూర్చి చెప్పినదానిని, ఇతరులు కొలిచి చూచినదానిని 20 చోట్ల పోల్చారు. 13 చోట్ల ఆ రెంటికీ పొత్తు చాలా తక్కువగా ఉన్నది, లేదా అసలు లేదు, లేదా తలక్రిందులుగా ఉన్నది. నైపుణ్యము తక్కువగా ఉండి నమ్మకము ఎక్కువగా ఉన్నవారి అంచనాయే అన్నిటికంటె తప్పుగా ఉన్నదట. ఇది డాక్టర్లకు మాత్రమే ఉన్న జబ్బు అనుకోవద్దు. పాస్టర్లకు కూడ ఏటేటా తరగతులు జరుగుతాయి. ఏ అంశము కావాలని అడిగితే మేము ప్రసంగము బాగుగా తయారుచేయడమును గూర్చి కావాలని వ్రాస్తాము. ఎందుకంటే అది మాకు ఇష్టము. బిడ్డ ఆత్మహత్య చేసుకొన్న ఇంటికి వెళ్ళి ఏమి మాట్లాడాలో, ఎప్పుడు మౌనముగా ఉండాలో నేర్పమని మేము ఒక్కసారి కూడ వ్రాయలేదు. ఆ ఇండ్లవారిని అడిగి ఉంటే వారు చెప్పేవారు.

ఇంకొక పరిశోధన ఇంతకంటె ఆలోచింపజేస్తుంది. కెనడాలోని ఆంటేరియోలో 16 మంది కుటుంబ వైద్యులతో జరిపిన ఆ ప్రయోగమును 1982లో ప్రచురించారు. ఏ జబ్బులను గూర్చి నేర్చుకోవాలని ఉన్నదో, వేటి మీద ఇష్టము లేదో ముందుగా వారిచేతనే వరుస పెట్టించారు. చీట్లు వేసి కొందరికి పాఠములు ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. పాఠములు చదివినవారికి తెలివి పెరిగింది. కాని ఇష్టపడి కోరుకొన్న అంశములలో పాఠములు అందినవారి వైద్యము ఎంత మెరుగైనదో, అందనివారి వైద్యము కూడ అంతే మెరుగైనది. వ్యత్యాసము కనిపించినది ఇష్టపడని అంశములలో. ఎందుకో ఊహించడము కష్టము కాదు. ఇష్టమైన దానిని మనిషి ఎట్లాగైనా వెదకి చదువుకొంటాడు. ఇష్టము లేని దాని దగ్గరకు ఎవరో చేయి పట్టుకొని తీసుకొని వెళ్ళాలి. మనమేమో ఇష్టమైనవే ఎన్నుకోమని కాగితములు పంపుతున్నాము.

తెలియడమునకు, చేయడమునకు మధ్య ఉన్న దూరము మరొక సంగతి. జార్జి మిల్లర్ అనే వైద్య విద్యాచార్యుడు 1990లో దీనిని నాలుగు మెట్లుగా చూపించాడు. తెలిసి ఉండడము, ఎట్లు చేయాలో తెలిసి ఉండడము, చేసి చూపగలగడము, ప్రతిదినము నిజముగా చేయడము. మనము పెట్టే ప్రశ్నపత్రములు క్రింది మెట్ల దగ్గరనే ఆగిపోతాయి. రోగి కూర్చొని ఉండేది పై మెట్టు మీద. మన దేశములోనే బీహారులో జరిగిన ఒక అధ్యయనము 2015లో వెలువడింది. అక్కడ వైద్యము చేసేవారిలో అధికులకు పట్టా లేదు. బిడ్డకు విరేచనములైతే ఏమి ఇస్తావని అడిగినప్పుడు ఓ.ఆర్.ఎస్. ఇస్తామని చెప్పినవారు చాలామంది. తరువాత శిక్షణ పొందిన మనుష్యులు అదే జబ్బున్న బిడ్డకు తలిదండ్రులమని చెప్పి వారి దగ్గరకు వెళ్ళారు. అప్పుడు ఓ.ఆర్.ఎస్. వ్రాసినవారు బహు కొద్దిమంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరములో డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితో ఎందరినో కలరా నుండి బ్రతికించారు. అంత చవుకైన, అంత తెలిసిన మందు కూడ నోటి నుండి కలమునకు దిగి రాలేదు. ఇటువంటి చోట మరొక ఉపన్యాసము పెట్టి ఏమి ప్రయోజనము?

అయితే అవసరమును ఎట్లు కనుగొనాలి? మేము చదివిన, విన్న మార్గములలో మన చిన్న ఊళ్ళకు పనికివచ్చేవి నాలుగింటిని చెబుతాము.

మొదటిది, జేబు పుస్తకము. ఇంగ్లండులోని టాంటన్‌లో రిచర్డ్ ఈవ్ అనే కుటుంబ వైద్యుడు సులువైన పద్ధతి ఒకటి కనిపెట్టాడు. ఒక్కొక్క రోగి బయటకు వెళ్ళగానే డాక్టరు తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఈ మనిషికి ఇంతకంటె మేలుగా నేను చేయగలిగి ఉండేవాడినా?" తీరకుండ మిగిలిన రోగి అవసరమును ఒక ప్రక్క వ్రాయాలి. అది తీరాలంటే తాను ఏమి నేర్చుకోవాలో రెండవ ప్రక్క వ్రాయాలి. ఇందులోని మేలు ఏమంటే, లెక్క రోగి దగ్గర మొదలవుతుంది. డాక్టరు ఇష్టము తరువాత వస్తుంది.

రెండవది, పాత కేసు షీట్లు. షుగర్ రోగుల షీట్లు వరుసగా ఇరవై తీసి, పాదము చూచినట్లు ఎన్నింటిలో వ్రాసి ఉన్నదో లెక్కపెట్టాలి. బీ.పీ. రోగులవి, గర్భిణీ స్త్రీలవి అట్లే చూడాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు, ఒక్క మధ్యాహ్నము చాలును. మన డాక్టరుగారు తన షీట్లను తానే తిరగవేసి చూచుకొన్నారు. పాదము అన్న మాట ఉన్నవి వ్రేళ్ళ మీద లెక్కపెట్టవచ్చును. ఆయన మనస్సు మార్చినది మా మాట కాదు, ఆ లెక్కయే.

మూడవది, పెద్దాసుపత్రికి పంపిన ఉత్తరములు, అక్కడ నుండి తిరిగి వచ్చిన ఉత్తరములు. ఏ జబ్బుతో ఎవరిని పంపాము? ఇక్కడే తీరవలసిన వారిని పంపామా? ముందే పంపవలసిన వారిని ఆలస్యముగా పంపామా? వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు పనిలో ఉన్న డాక్టర్లకు దూరవిద్య ద్వారా కుటుంబ వైద్యము నేర్పే కోర్సు ప్రారంభించినప్పుడు దానికి పెట్టుకొన్న నినాదము, తక్కువమందిని పంపు, ఎక్కువమందికి ఇక్కడే నయము చేయి అని. ఏ రోగులు బస్సెక్కి పోతున్నారో చూస్తే ఏ పాఠము కావాలో తెలుస్తుంది.

నాలుగవది, మీరు. అవును, బల్లకు ఇవతల కూర్చొనే మీరే. డాక్టరు చెప్పినదేమిటో తెలియక బయటకు వచ్చి కాంపౌండరును అడిగేది మీరు. మందు ఎన్నాళ్ళు వాడాలో తెలియక మధ్యలో మానివేసేది మీరు. భర్త ప్రక్కన ఉన్నందున అసలు జబ్బు చెప్పలేక వచ్చివేసే స్త్రీలు మీలో ఉన్నారు. ఇవి ఏ కేసు షీటులోను ఉండవు. వీటిని మీరు చెప్పకపోతే మరెవరూ చెప్పలేరు.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. జేబు పుస్తకములో డాక్టరు కంటికి కనిపించినదే పడుతుంది. షీటులో వ్రాసినదే ఉంటుంది, చేసి వ్రాయనిది ఉండదు. రోగికి మర్యాద బాగుండి వైద్యము బాగుండకపోవచ్చును, అది రోగికి తెలియదు. అందువలన రెండు మూడు సాక్ష్యములు ఒక చోట కలిసినప్పుడే ఇది నిజమైన అవసరమని నిశ్చయించాలి.

ఇక్కడ రెండు హెచ్చరికలు చేయవలసి ఉన్నది.

ఒకటి, కనబడిన ప్రతి లోటు చదువులేని లోటు కాదు. మన డాక్టరుగారి గదిలో రోగి కాలు పెట్టుకొనడానికి ఒక ఎత్తు పీట లేదు. ఉదయము నుండి మధ్యాహ్నము వరకు గుమ్మము బయట జనము నిలబడి ఉంటారు. ఒంటరి మనిషి, ప్రక్కన నర్సు లేదు. అటువంటి ఆయనను మరొక తరగతికి పంపితే ఏమి లాభము? ఆ రోజు కూడ రోగులను చూడలేకపోతాడు, అంతే. ఆయనకు కావలసినది ఒక పీట, ఒక నైలాను పోగు, పాదములు చూడడము నేర్చుకొన్న ఒక నర్సు. చదువు ఎక్కడ పనిచేస్తుందో, వస్తువో మనిషో ఎక్కడ కావాలో వేరుచేసి చూడడము కూడ అవసరమును గుర్తించడములో భాగమే. కమిటీ దీనిని మరచిపోతే, తన బాధ్యతను డాక్టరు అజ్ఞానము క్రింద దాచిపెట్టినట్లవుతుంది.

రెండు, ఇది తప్పులు పట్టే పని కాకూడదు. జేబు పుస్తకము పోలీసు డైరీ అయిన దినమున అందులో ఎవరూ నిజము వ్రాయరు. అందుకే ఆ పుస్తకము డాక్టరుదే. అందులో నుండి తన ఇష్టము చొప్పున అంశములు మాత్రమే కమిటీకి ఇస్తాడు. షీట్ల లెక్క డాక్టర్లు తమలో తాము చెప్పుకొంటారు, పేర్లు బయటకు రావు. రోగులు వ్రాసే చీటీల మీద రోగి పేరు గాని డాక్టరు పేరు గాని ఉండకూడదు. తప్పు వలన నష్టపోయినవారు న్యాయము అడిగే దారి వేరుగా ఉన్నది, దానిని మేము మూయమనడము లేదు. ఆ కుమారునితో కూడ ఇదే చెప్పాము. "ఫిర్యాదు వలన ఒక్క డాక్టరు జాగ్రత్తపడతాడు నాయనా. మిగిలిన డాక్టర్ల బల్లల క్రింద ఎన్ని పాదములున్నాయో మనకు తెలియదు. ఆ సంగతి చూచే పనిలో నీవు కూడ మాతో చేరుతావా?" అని అడిగాము. వారము తరువాత వచ్చి చేరుతానన్నాడు. ఫిర్యాదు చేశాడో లేదో మేము అడగలేదు.

మరొక మాట. అవసరముల పట్టికయే సర్వస్వమని కూడ అనుకోరాదు. జానెట్ గ్రాంట్ గారు 2002లో బ్రిటిషు మెడికల్ జర్నలులో ఈ విషయమును గూర్చి వ్రాస్తూ, ముందుగా గుర్తించిన అవసరములకే చదువును కట్టివేస్తే అది యాంత్రికమై, క్రొత్తదానిని పుట్టించే గుణమును కోల్పోతుందని హెచ్చరించారు. డాక్టరు తన ఆసక్తి కొద్దీ చదువుకొనే దానికి కూడ కొంత చోటు ఉండాలి. మనస్సుకు ఉత్సాహము లేనివాడు ఇతరుల అవసరమును కూడ ఎక్కువ కాలము మోయలేడు.

అయినను మొదటి చోటు రోగి అవసరమునకే ఇవ్వాలి. మనకందరికీ తెలిసిన ఒక చరిత్రను జ్ఞాపకము చేసుకొందాము. అయిడా స్కడ్డర్ గారు యౌవనములో మన దేశమునకు తిరిగి వచ్చినప్పుడు డాక్టరు కావాలనే కోరిక ఆమెకు లేదు. తిండివనములో ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలకు సహాయము చేయమని ఆమెను బ్రతిమాలారు. ఆమె వైద్యురాలు కాదు. వైద్యుడైన తండ్రిని తీసుకొని వెళ్ళమంటే, పరపురుషుడు తాకరాదని వారు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలు చనిపోయారు. ఆమె అమెరికా వెళ్ళి 1899లో వైద్య పట్టా పుచ్చుకొన్నది. 1918లో వేలూరులో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచింది. ఆమె ఏమి నేర్చుకోవాలో ఏ పట్టికా చెప్పలేదు. గుమ్మము ముందు నిలబడినవారు చెప్పారు. వారు వచ్చి అడిగారు గనుక ఆమెకు తెలిసింది. మన పెద్దాయన అడగలేదు, గనుక మనకు తెలియలేదు. అడగనివారి అవసరమును కూడ కనుగొనే ఏర్పాటు చేసుకోవడమే నేడు మన ముందున్న పని.

కావున రాబోయే సంవత్సరపు తరగతులకు మేము కమిటీ ముందు ఉంచిన ప్రతిపాదనలు ఇవి. ఇరవై అంశముల కాగితమును ఈసారి పంపవద్దు. దానికి బదులు ప్రతి కుటుంబ వైద్యునికి ఒక జేబు పుస్తకము ఇచ్చి రెండు వారములు వ్రాయమందాము. ఒక్కొక్క జబ్బుకు ఇరవై షీట్ల చొప్పున వారినే లెక్క తీయమందాము. ప్రతి సంఘములోను మూత ఉన్న పెట్టె ఒకటి పెట్టి, డాక్టరు దగ్గర నుండి ఇంటికి వచ్చిన తరువాత తీరకుండ మిగిలిన ఒక్క ప్రశ్నను పేరు లేకుండ వ్రాసి వేయమందాము. వ్రాయలేనివారికి సంఘములోని యౌవనస్థులు వ్రాసిపెట్టాలి. ఈ మూడింటిని ఒక చోట పెట్టి, అందులో నుండి మూడు అంశములకు మించకుండ ఎన్నుకొందాము. మందుల కంపెనీ భోజనము వద్దు, మన స్త్రీల మైత్రి సభ్యులు వండిన అన్నము చాలును. ఆరు నెలల తరువాత ఆ షీట్లనే మరల లెక్కపెడదాము. లెక్క మారితే తరగతి ఫలించినట్లు. మారకపోతే డాక్టరును నిందించక, మన తరగతిని మార్చుకొందాము.

సంఘ సభ్యులకు ప్రత్యేకముగా ఒక మనవి. డాక్టరుగారు అడగలేదని మీ బాధను బల్ల క్రింద ఉంచుకొని ఇంటికి రావద్దు. షుగర్ ఉన్నవారు కాలు పైకి పెట్టి, "డాక్టరుగారూ, ఒకసారి నా పాదము చూడండి" అని అడగండి. అది అమర్యాద కాదు. మీరు అడిగే ఆ ఒక్క మాట ఆయనకు ఒక దినపు తరగతికంటె ఎక్కువ నేర్పవచ్చును. డాక్టర్లకు కూడ ఒక మనవి. ఆ మాట విన్నప్పుడు నొచ్చుకోకండి. మీ చదువును శంకించి అన్న మాట కాదది, మీ మీద ఆశ పెట్టుకొని అన్న మాట.

పెద్దాయన ఇప్పుడు చంక కర్ర సహాయముతో నడుస్తున్నారు. ఆయన వైద్యుడు మారలేదు, అదే డాక్టరుగారు. ఆ గదిలో బల్ల ప్రక్కన ఇప్పుడు ఒక ఎత్తు పీట ఉన్నది. దానిని వడ్రంగి చేత చేయించి తెచ్చినది ఆ కుమారుడే. క్రిందటి నెల మేము తోడు వెళ్ళినప్పుడు పెద్దాయన ఎవరూ చెప్పకముందే మిగిలిన కాలు తీసి ఆ పీట మీద పెట్టారు. డాక్టరుగారు కుర్చీ ఇవతలకు జరుపుకొని, వంగి, వ్రేళ్ళ సందులు కూడ విడదీసి చూచారు. గుమ్మము బయట కూర్చొని ఉన్న షుగర్ రోగులు అది చూస్తూ ఉన్నారు. వారిలో ఒకరు లోపలికి వచ్చి అడగకుండానే కాలు పీట మీద పెట్టారు.